ఒకరికి సరిపడే కెటిల్

నవంబర్ 9, ఆదివారం

ఈసారి వెళ్తున్నాను. ఎవరేమనుకున్నా సరే.

అటక మీది సంచీ దించి సామానంతా డాబా మీద పరిచాను. స్టవ్ ఉంది. టెంటు కర్రలు ఉన్నాయి. నేలలో దిగ్గొట్టే మేకులు పద్నాలుగూ ఉన్నాయి. పడుకునే సంచీని రెండేళ్ళకు పైగా చుట్టిపెట్టి ఉంచడంతో ముక్కవాసన పట్టింది, ఎండలో వేశాను. టెంటు గుడ్డ లేదు. కెటిల్ లేదు. గుడ్డ అద్దెకు దొరుకుతుంది. కెటిల్ కొనాలి. అంతే, ఇందులో ఇంకేమీ లేదు.

మా ఆవిడ మెట్ల దగ్గర నిలబడి అంతా చూసింది. వంటింట్లో ఇన్ని గిన్నెలున్నాయి, ఒకటి పట్టుకుపోకూడదా అంది. గిన్నెతో కప్పులోకి వంపితే సగం నీళ్ళు నేల తాగుతుంది, మూత ఊడి వేళ్ళ మీద పడుతుంది, కొండ మీద కాల్చుకుంటే డాక్టరెవడూ ఉండడు అని చెప్పాను. కెటిలే కావాలి. తేలికగా ఉండాలి. స్టీలుదే అయ్యుండాలి, గ్యాస్ అయిపోయి పుల్లల మంట మీద పెట్టినా ఓర్చుకోవాలి.

"మీకు కావలసింది మీ బావ కెటిల్," అంది ఆవిడ.

వినిపించనట్టు మేకులు మళ్ళీ లెక్కపెట్టుకున్నాను. డాబా మీద ఉన్న ఒక్క గదిలో అక్క ఉంటుంది. బజారు నుంచి ఆమె వచ్చేలోగా అన్నీ మూటగట్టి అటకెక్కించేశాను. నా ఇంట్లో నా సామాను సర్దుకోవడానికి నాకు చెమటలు పట్టాయి.

నవంబర్ 10

సెలవు మంజూరైంది. డిసెంబర్ 15 నుంచి 18. ఎవరితో వెళ్తున్నావని ఆఫీసరు అడిగాడు. ఒక్కణ్ణే అన్నాను. నాలుగు రోజులు ఒక్కడివే ఏం చేస్తావయ్యా అన్నాడు. నడుస్తాను అన్నాను. 

నవంబర్ 13

ట్రెక్కింగ్ సామాన్ల కొట్టుకు వెళ్ళాను. నడిపేది ఒకావిడ, యాభై దాటి ఉంటాయి, మెడలో విజిల్ వేలాడేసుకుని కూర్చుంటుంది. నాలుగు కెటిళ్ళు తీసి బల్ల మీద వరుసగా పెట్టింది. అల్యూమినియందాన్ని ముందే పక్కకు జరిపాను. తేలికే, కానీ సంచీలో ఒక్క కుదుపుకే సొట్టపోతుంది. టైటానియంది చేతిలోకి తీసుకుంటే ఏమీ పట్టుకున్నట్టే లేదు. దాన్ని మంట మీద పెట్టాలంటే నాకు మనసొప్పదు, లాకర్లో పెట్టుకోవాలనిపిస్తుంది. మిగిలినవి రెండు స్టీలువి. పల్చటి రేకు, మడతపెట్టే తీగ పిడి, పొట్టి ముక్కు, వెడల్పు అడుగు.

చిన్నదాని పెట్టె మీద రెండొందల అరవై గ్రాములని ఉంది. జేబులోంచి నా చిన్న కాటా తీశాను. ఇరవై రెండేళ్ళుగా నా ఉద్యోగం ఊళ్ళో కాటాలన్నీ సరిచూసి సీలు వేయడం. పెట్టె మీద రాసింది నమ్మమంటే నమ్మే మనిషిని కాను. తూచితే రెండొందల తొంభై ఏడు వచ్చింది.

మూత లేకుండా రాసి ఉంటారండీ అంది కొట్టావిడ. మూత లేనిదాన్ని కెటిల్ అనరమ్మా, చెంబు అంటారు అన్నాను. ముప్ఫై ఏడు గ్రాములకు ఇంత గొడవా, బయల్దేరే రోజు ఒక ముద్ద తక్కువ తినండి, సరిపోతుంది అంది. ఆవిడ మాట నాకు నచ్చింది. పైకి మాత్రం ముఖం చిట్లించాను, మా ఉద్యోగంలో నవ్వితే ఎవరూ లెక్కచెయ్యరు.

అక్కడిదాకా బాగానే ఉంది. అప్పుడు అడిగింది.

"ఒకరికా, ఇద్దరికా? ఒకరికైతే ఈ అరలీటరుది చాలు. ఇద్దరికైతే లీటరుది తీసుకోండి."

చూసి చెప్తానని వచ్చేశాను. ఏం చూస్తానో నాకే తెలీదు.

నవంబర్ 14

అరలీటరుదే. ఇక మార్పు లేదు.

నవంబర్ 16, ఆదివారం

లీటరు కెటిల్ గురించి ఒక మాట, న్యాయంగా ఆలోచించాలి కాబట్టి. రెండో రోజు దిగే చోట ఊట చాలా దూరం, ఒకేసారి ఎక్కువ కాచుకుంటే మళ్ళీ మళ్ళీ వెళ్ళే పని తప్పుతుంది. చలికి సీసాలో వేడినీళ్ళు పోసి కాళ్ళ దగ్గర పెట్టుకోవచ్చు. అడుగు వెడల్పు కాబట్టి తొందరగా కాగుతుంది, గ్యాస్ ఆదా. సంచీలో పెట్టేటప్పుడు స్టవ్ దాని కడుపులోనే పడుతుంది. తేడా అంతా కలిపి ఎనభై మూడు గ్రాములు. కాబట్టి ఒక్కడు వెళ్ళినా లీటరుదే మంచిది. దీనికీ ఇంకెవరికీ సంబంధం లేదు.

ఇదంతా మా ఆవిడకు చెప్పాను. "నన్ను చేసుకోవడానికి పావుగంట కూడా ఆలోచించలేదు మీరు," అని లోపలికి పోయింది.

నవంబర్ 19

భోజనానికి ముందు ఆఫీసులో రాస్తున్నాను. ఇంట్లో ఈ విషయం రాయలేకపోతున్నాను, డాబా మీద అడుగుల చప్పుడు వినిపిస్తుంటుంది.

సామాను చెరిసగం పంచుకోవాలన్నది బావ పెట్టిన పద్ధతి. స్టవ్ నా దగ్గర, కెటిల్ తన దగ్గర. కర్రలు నావి, గుడ్డ తనది. ప్రతి ఏడూ తిరిగొచ్చాక ఎవరి సగం వాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళి కడిగి, ఆరబెట్టి, దాచుకునేవాళ్ళం. ఎందుకంటే, అంతా ఒకడి దగ్గరే ఉంటే వాడు రెండోవాణ్ణి వదిలేసి పోతాడ్రా అనేవాడు. పదకొండేళ్ళు అలాగే నడిచింది. అక్క, బావ విడిపోయి రెండేళ్ళు దాటింది. బీరువా, మంచాలు, కుక్కర్లు అన్నీ ఎదురెదురుగా కూర్చుని పంచుకున్నారు. మా సామాను మాత్రం పంచనక్కర్లేకపోయింది, ముందే పంచి ఉంది.

అక్క సామాను లారీకి ఎక్కిస్తున్న రోజు బావ నా పక్కకి వచ్చి, డిసెంబర్‌కి వస్తావా అని అడిగాడు. అడగాల్సిన సమయమా అది? అక్క గుమ్మంలో నిలబడి వింటోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇక మీరు మాకేమీ కారు. నాకు ఫోన్ చెయ్యకండి," అన్నాను.

అక్క పెళ్ళినాటికి నాకు ఇరవై ఏళ్ళు. అప్పట్నుంచీ ఆ మనిషిని నువ్వు తప్ప మీరు అన్నది లేదు. ఆయన తలాడించి, బీరువాకి అటువైపు పట్టుకుని లారీ ఎక్కించాడు. ఇటువైపు పట్టుకున్నది నేనే. ఒకరి మొహం ఒకరికి కనబడలేదు.

ఫోన్ చెయ్యొద్దన్నాను, చెయ్యలేదు. చెప్పిన మాట వినడం ఆయనకున్న పెద్ద జబ్బు.

నవంబర్ 22

ఇవాళ ఏమీ లేదు. పదిహేడు కాటాలు చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

నవంబర్ 25

బావది లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం. రోజంతా లిఫ్టుల్లో పైకీ కిందికీ తిరిగే మనిషికి కొండలు కాలినడకన ఎక్కడమంటే పిచ్చి. ఇవాళ మీటరు కర్రలు సరిచూసే పని మీద పెద్ద బట్టల కొట్టుకు వెళ్తే లిఫ్టు ముందు "మరమ్మతు జరుగుతున్నది" అని బోర్డు ఉంది. నా పని అరగంటలో అయిపోయింది. అయినా ఆ లిఫ్టు ముందు బల్ల మీద గంటకు పైగా కూర్చున్నాను. అలసటగా ఉండి కూర్చున్నాను.

తలుపు తెరుచుకుని ఎవరో కొత్త మనిషి పానాలతో బయటికొచ్చాడు. పెద్దాయన రాలేదా అని ఊరికే అడిగాను. ఆయనిప్పుడు బయటి పనులకు రావట్లేదండీ, ఆఫీసులోనే కూర్చుంటున్నారు అన్నాడు. ప్రమోషన్ అయి ఉంటుంది. మంచిదే. కుర్చీలో కూర్చుని పొట్ట పెంచుతుంటాడు. నాకు చెప్పాలనిపించలేదు కాబోలు.

ఎలా చెప్తాడు? వద్దన్నది నేను.

నవంబర్ 28

కొండ మీద తెల్లవారాక ముందు లేచేది బావే. నేను మెలకువ వచ్చినా నిద్ర నటించేవాణ్ణి. కెటిల్‌లో నీళ్ళు పోస్తున్న చప్పుడు, మూడు నాలుగుసార్లు కొడితే గాని వెలగని లైటరు, కాగుతున్నప్పుడు మూత కొట్టుకోవడం, అన్నీ పడుకునే వినేవాణ్ణి. మూత చప్పుడు ఆగిందంటే స్టవ్ కట్టేసినట్టు. అప్పుడు కాలితో ఒక్కటి తన్నేవాడు. మొదటి కప్పు నాకు, రెండోది తనకు. నా మీద ప్రేమకొద్దీ ముందు నాకిస్తున్నాడని ఏడేళ్ళు మురిసిపోయాను. ఎనిమిదో ఏడు బయటపడింది. టీ ఆకు అడుక్కి దిగుతుందట, రెండో కప్పు చిక్కగా ఉంటుందట. పల్చటిది నాకు పోసి చిక్కటిది తను తాగేవాడు.

ఆ పల్చటి టీయే కావాలి నాకు. ఇంత వయసొచ్చి ఇలా రాసుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా కావాలి.

ఇంకోటి కూడా ఉంది. కొండ మీద బావ నోరు మూతపడేది కాదు. ఆకాశం, బూట్లు, తన చిన్నప్పటి పంతులు, లిఫ్టులో ఇరుక్కుపోయినవాళ్ళు చెప్పే అబద్ధాలు, ఒకటని లేదు. అదే ఇంటికి వెళ్తే అక్క పది అడిగితే ఒకదానికి తలాడించేవాడు. వినోదంగా ఉందనుకునేవాణ్ణి. అక్క దాన్ని ఇరవై ఏళ్ళు భరించింది.

డిసెంబర్ 2

కొన్నాను. లీటరుది. మూతతో కలిపి మూడొందల ఎనభై గ్రాములు.

ఇద్దరికన్నమాట అంది కొట్టావిడ. నాకు దాహం ఎక్కువ అన్నాను. ఆవిడ విజిల్ సవరించుకుని బిల్లు రాసింది.

డిసెంబర్ 7, ఆదివారం

ఎడమచేత్తో కాగితం పట్టుకోవడం కష్టంగా ఉంది. కట్టు కట్టారు.

పొద్దున అక్క గదిలో లేదనుకుని కొత్త కెటిల్‌ను డాబా మీద పరీక్షించాను. నీళ్ళు నింపి స్టవ్ మీద పెడితే కాస్త ఒరిగింది. సరిచేశాను. మళ్ళీ ఒరిగింది. నేల ఎగుడుదిగుడుగా ఉందేమోనని చోటు మార్చాను. నీళ్ళు తెర్లుతున్నప్పుడు మొత్తం పక్కకు దొర్లింది. పట్టుకోబోయాను. ముంజేయి కాలింది.

అప్పుడు స్టవ్‌ను దగ్గరగా చూశాను. గిన్నె కూర్చోవడానికి దానికి మూడు కొమ్మలుంటాయి. మా నడకల ఐదో ఏట గాలికి కెటిల్ జారిందని ఆ కొమ్మలకు ఆకురాయితో గాడి పెట్టాను, బావ కెటిల్ అడుగు సరిగ్గా కూర్చునేలా. వెంట్రుకవాసి తేడా లేకుండా అరిగించాను. ఎంత గొప్పగా చేశానంటే ఇంకే కెటిలూ దాని మీద నిలవదు. లీటరుదైతే అంచు మీద ఒరుగుతుంది, అరలీటరుదైతే లోపలికి జారుతుంది. నెల రోజులుగా గ్రాములు తూస్తూ తిరిగాను, నా చేత్తో నేను పెట్టిన గాడి మాత్రం గుర్తురాలేదు.

చప్పుడుకు అక్క తలుపు తీసుకుని వచ్చింది. గదిలోనే ఉంది. పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడుపళ్ళు తయారుచేసే పని ఆమెది, ఆదివారం కూడా ఇంటికి అచ్చులు తెచ్చుకుని గీకుతుంటుంది. చేతినిండా తెల్లపిండితో వచ్చి నా చేయి కుళాయి కింద పెట్టి, చాలాసేపు అలాగే పట్టుకుంది. దొర్లిన కెటిల్‌నీ స్టవ్‌నీ చూసింది. ఇవి ఇక్కడ ఎందుకున్నాయో నేను చెప్పబోయాను. పదిహేనో తారీకు వెళ్తున్నావని తెలుసు, నెల నుంచి నేను బజారుకు పోయినప్పుడల్లా అటక చప్పుడవుతోందని మీ ఆవిడే చెప్పింది అంది. తిడుతుందేమోనని చూశాను. తిట్టలేదు. చేయి తుడుస్తూ అంది.

"విడాకులు తీసుకున్నది నేను. నిన్నెవరు తీసుకోమన్నారు?"

నీకోసమే కదక్కా అన్నాను. నేనడిగానా అంది. లేదు, అడగలేదు. ఆ రోజు గుమ్మంలో నిలబడి ఉంది, అంతే. ఆమె మొహం చూసి నేనే అనుకున్నాను, అనేశాను. అక్క ఏడుస్తుందనుకున్నాను, ఏడ్చింది నేను. చెయ్యి మండి అనుకుంటుందిలే అనుకున్నాను, అలా అనుకోలేదు.

ఆ తర్వాత చెప్పింది. ప్రతి డిసెంబర్ కొండ మీంచి దిగొచ్చినప్పుడు నువ్వు ఆయన మాటలన్నీ వచ్చి నాకు చెప్పేవాడివి. బావ ఇలా అన్నాడు, అలా అన్నాడు అని. నీతో నాలుగు రోజుల్లో మాట్లాడినంత నాతో ఏడాదంతా మాట్లాడి ఉంటే నేను ఆ ఇంటి నుంచి వచ్చేదాన్నే కాదు. అది నీ తప్పు కాదు. వెళ్ళి కలువు. కానీ ఒకటి, వచ్చాక ఆయన ఎలా ఉన్నాడో మాత్రం నాకు చెప్పకు.

సరే అన్నాను.

డిసెంబర్ 9

ఇవాళ వెళ్దామనుకున్నాను. ఆఫీసులో పని ఉంది.

డిసెంబర్ 10

ఇవాళా పనే.

డిసెంబర్ 11

పని లేదు. చెయ్యి నొప్పి.

డిసెంబర్ 13, శనివారం

వెళ్ళాను. మధ్యాహ్నం మూడింటికి. స్టవ్ సంచీలో పెట్టుకుని వెళ్ళాను, ఎందుకో తెలీదు, ఉత్త చేతుల్తో వెళ్ళలేక.

గంట కొడితే ఎంతసేపటికీ తలుపు తెరవలేదు. నన్ను కిటికీలోంచి చూసి తెరవట్లేదనుకున్నాను. అలా చేసినా న్యాయమే. వెనక్కి తిరగబోతుంటే లోపల కర్ర టకటకమని వినిపించింది. తలుపు తీశాడు. బాగా చిక్కిపోయాడు. చంకలో ఊతకర్ర.

నీ చేతికేమైందిరా అన్నాడు. రెండేళ్ళ తర్వాత మొదటి మాట అది.

నీ కాలికేమైంది బావా అన్నాను.

ఆగస్టులో లిఫ్టు గోతిలోకి దిగుతూ కుడి మోకాలి మీద పడ్డాడట. లోపల ఎముక ముక్కలయితే ఆపరేషన్ చేసి పలకా మేకులూ వేశారట. అందుకు ఆఫీసులో కూర్చోబెట్టారు. నేను ప్రమోషన్ అనుకుని అలిగాను. ఇంట్లోంచి వీధిలోకి దిగడానికి నాలుగు మెట్లు, అవే ఇప్పుడు ఆయన కొండ. డాక్టరు రెండు చాలన్నా నేను నాలుగూ దిగుతున్నాను అని గొప్ప చెప్పుకున్నాడు.

"నాకు ఒక్క మాట చెప్పలేకపోయావా?" అన్నాను.

"చెయ్యొద్దన్నావు కదరా."

కోపంగా అనలేదు. లిఫ్టులో ఆరుగురే ఎక్కాలని బోర్డుంటే ఏడోవాణ్ణి ఆపినట్టు అన్నాడు. నేను ఆయన భుజం పట్టుకున్నాను. ఎలా పట్టుకోవాలో తెలీలేదు, కర్ర అడ్డం.  పద, కూర్చో అన్నాడు.

సెలవు సంగతి చెప్పాను. ఎల్లుండి నుంచి కొండకని. లేచి కుంటుకుంటూ లోపలికి వెళ్ళి టెంటు గుడ్డా కెటిలూ తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. గుడ్డ మడతలు ఇస్త్రీ చేసినట్టున్నాయి. కెటిల్ అడుగున మసి కూడా లేదు.

"పట్టుకెళ్ళు. ఇక అంతా నీ దగ్గరే ఉంచుకో."

 పదకొండేళ్ళు ఒక్క మేకు కూడా ఒకరి ఇంట్లో ఎక్కువ ఉండనివ్వని మనిషి. గుడ్డా కెటిలూ తీసుకెళ్ళి ఎక్కడివక్కడే పెట్టేశాను. నీ సగం నీ దగ్గరే ఉంటుంది, నేనూ ఎక్కడికీ పోవట్లేదు అన్నాను. పిచ్చి వెధవా, సెలవు దండగ చేసుకుంటావా అన్నాడు. దండగ కాదన్నాను.

బయల్దేరుతుంటే, "ఇంట్లో అందరూ," అని ఆగాడు. "బాగున్నారా?" అని కర్ర సర్దుకున్నాక పూర్తిచేశాడు. అందరూ బాగున్నారన్నాను.

డిసెంబర్ 15

సెలవు మొదటి రోజు. పొద్దున్నే బావ ఇంటికి వెళ్ళాను. మెట్ల పక్కన స్టవ్ పెట్టి ఆయన కెటిల్ పెట్టాను. గాడిలో సరిగ్గా కూర్చుంది. టీ తాగాం, నాకు పల్చటిదే. నాలుగు మెట్లూ రెండుసార్లు ఎక్కి దిగాడు.

కానీ మాట్లాడలేదు. ఇంట్లోకొస్తే ఎంతసేపు కూర్చున్నా నోరు విప్పడు. నేను పది అడిగితే ఒకదానికి తలాడించాడు. మధ్యాహ్నానికి ఆ గోడల మధ్య నాకు పిచ్చెక్కినట్టయింది. ఒక్క రోజుకే.

ఆపరేషన్ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు చెప్పినా డాబా ఎక్కి చెప్పేస్తుంది. అక్కకు మాటిచ్చాను.

డిసెంబర్ 16

మెట్లు ఐదుసార్లు. మాటలు ఎనిమిది, లెక్కపెట్టాను.

డిసెంబర్ 17

ఇవాళ వీధిలోకి నడిపించాను. మూల మీద చెప్పులు కుట్టే అతని బల్ల దాకా. సగం దూరంలో ఉన్నట్టుండి మొదలుపెట్టాడు. గోతిలో పడి ఉన్నప్పుడు పైనుంచి ఎవరో అంకుల్ లిఫ్టు ఎప్పుడొస్తుందని అడిగారట. అక్కడ మొదలై తిరిగి గుమ్మం చేరేదాకా ఆగలేదు. గుమ్మంలో అడుగు పెట్టగానే మళ్ళీ మూగనోము.

పైన ఆకాశం ఉంటేనే ఈ మనిషికి మాటొస్తుంది. ఎందుకని అడిగాను. నాకూ తెలీదురా, తెలిస్తే మీ అక్కను రోజూ వీధిలోకి తీసుకెళ్ళేవాణ్ణి కదా అన్నాడు.

డిసెంబర్ 18

సెలవు ఇవాళ్టితో అయిపోయింది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే అక్క డాబా మెట్ల మీద కూర్చుని ఉంది. నా చేతి కట్టు విప్పి చూసింది, మానుతోందంది. మళ్ళీ కట్టింది. ముడి వేస్తూ, తలెత్తకుండా అడిగింది.

"మోకాలు ఎంతవరకు వంగుతోంది?"

చెప్పొద్దన్నావు కదా అన్నాను. వంగుతోందా లేదా చెప్పు అంది. అప్పుడు తట్టింది నాకు. మోకాలు అన్న మాట నేను ఈ ఇంట్లో ఎవరి దగ్గరా ఎత్తలేదు.

ఆగస్టులో ఆయన కంపెనీ నుంచి అక్కకే ఫోన్ వచ్చిందట. వాళ్ళ కాగితాల్లో దగ్గరి మనిషి అన్నచోట ఇంకా ఆమె నంబరే ఉందట. వెళ్ళింది. అప్పటికే ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళిపోయారు. ఆపరేషన్ అయి మంచం మీదికి తెచ్చాక మత్తు దిగేదాకా పక్కన కూర్చుంది. కనురెప్పలు కదులుతున్నాయనగా లేచి వచ్చేసింది. ఆయనకు తెలియదు.

"ఒక్క నిమిషం ఆగలేకపోయావా అక్కా?"

"కళ్ళు తెరిచి, నన్ను చూసి, మాట్లాడకపోతే?"

 నిన్న వీధిలో ఆయన అన్న మాట నోటిదాకా వచ్చింది. చెప్పకని మాట తీసుకున్నది ఈమె. మింగేశాను. తొంభై డిగ్రీల దాకా వంగుతోంది అన్నాను, అది అడిగింది కాబట్టి.

చాలదు అంది. నూట ఇరవై రావాలని డాక్టరు ఆ రోజే అన్నాడు, రోజుకు మూడుసార్లు వంచాలి, నొప్పి వస్తే ఆపేస్తాడు ఆ మనిషి, ఆపనివ్వకు, నేను చెప్పానని, అని ఆగిపోయింది.

ఎవరు చెప్పారంటే ఏమనను అని అడిగాను.

 కట్టు మీద వేసిన ముడినే ఇంకోసారి బిగించింది.

"మీ ఆవిడ చెప్పిందను," అంది.